టేపు ఉంది, పాట ఉంది, మరి విడుదలెందుకు కాదు? పాత రికార్డింగులపై అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్‌లో పాత స్పూలు టేపులను, క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించడం నా వృత్తి. నా దగ్గరికి వచ్చేవాటిలో హరికథలు, పెళ్లి పాటలు, మూతబడిన స్టూడియోల రీళ్లే ఎక్కువ. వచ్చే మనుషుల్లో మాత్రం ఇంకో రకం కూడా ఉన్నారు. నీల్ యంగ్, బాబ్ డిలాన్, జోనీ మిచెల్ వంటి, తమ పాటలు తామే రాసి పాడే పాశ్చాత్య గాయకుల పాత రికార్డింగులు ఎప్పుడు వెలువడతాయా అని ఏళ్ల తరబడి కాచుకుని కూర్చునే అభిమానులు. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద తిరిగి, దారిలో నా దగ్గర ఆగి, "ఇంకా ఎందుకు రాలేదండీ?" అని నిలదీస్తారు, ఆ టేపులేవో నా బీరువాలోనే ఉన్నట్టు. కారణాలు కూడా వాళ్లే చెబుతారు. వినడానికి బాగుంటాయి గానీ వాటిలో నిజం తక్కువ.

అపోహ: అంతా సిద్ధంగానే ఉంది. డబ్బు కోసమే ఆపుతున్నారు.

నీల్ యంగ్ పాత రికార్డింగుల సంకలనం 'ఆర్కైవ్స్' మొదటి పెట్టె 2009లో వచ్చింది, రెండోది 2020లో, మూడోది 2024లో. ఈ వరుస చూసినవారికి అనుమానం రావడం సహజమే. సిద్ధమై కూడా ఆగిపోయినవి లేకపోలేదు. 1974-75లో రికార్డయిన ఆయన ఆల్బమ్ 'హోమ్‌గ్రోన్' 2020 దాకా బయటికి రాలేదు. దాన్ని ఆపింది కంపెనీ కాదు, ఆయనే. అప్పట్లో ఆ పాటలు వినడమే తనకు కష్టంగా ఉండేదని చెప్పుకొన్నారు. 1976 ఆగస్టులో మాలిబూలో ఒక్క రాత్రిలో పాడిన 'హిచ్‌హైకర్' 2017లో గానీ రాలేదు.

అయితే అవి పేరు పెట్టుకుని, వరుస కుదిరి ఉన్న ఆల్బములు. మిగతా సరకు అలా ఉండదు. అట్టపెట్టె మీద ఒక తేదీ, లోపలి రీలు మీద మరో తేదీ. ఒకే పాట ఏడు సార్లు పాడి ఉంటుంది, వాటిలో ఏది పూర్తిగా ఉందో ఎవరూ రాసి పెట్టరు. "ఫైనల్" అని రాసిన రీళ్లు మూడు దొరుకుతాయి (ఇది అన్ని దేశాల స్టూడియోలకూ ఉన్న అలవాటు). ఇది అసలు మాస్టరా (విడుదలకు మూలమైన టేపా), దాని కాపీయా, కాపీకి కాపీయా? పోల్చుకోవాలంటే కూర్చుని వినాలి. గంట టేపుకు గంట పడుతుంది, పరుగెత్తించి వింటే సగం తేడాలు చెవికి అందవు. ఆ రోజు గదిలో ఉన్నవారెవరైనా ఇంకా బతికి ఉంటే వాళ్లను అడగాలి. నేను చూసినంతలో పని నిలిచిపోయేది యంత్రం దగ్గర కాదు, పెట్టె మీద సరైన చీటీ లేకపోవడం దగ్గర.

అపోహ: టేపు పెట్టి బటన్ నొక్కితే కాపీ అయిపోతుంది.

నొక్కి చూడండి. 1970ల మధ్య నుంచి 80ల దాకా తయారైన టేపుల్లో, పేరున్న కంపెనీల వాటితో సహా, చాలావాటికి ఒక జబ్బు ఉంది. అయస్కాంత పొడిని ప్లాస్టిక్ పట్టీకి పట్టి ఉంచే పాలీయురితేన్ జిగురు గాలిలోని తేమను పీల్చుకుని చెడిపోతుంది. యంత్రానికి ఎక్కించగానే టేపు కీచుమంటుంది, టేపును చదివే హెడ్ల మీద గోధుమరంగు మడ్డి పేరుకుంటుంది. ఊడివచ్చిన ఆ మడ్డిలో ఉన్నది పాటే. దీన్ని మేం స్టికీ షెడ్ అంటాం. మన వానాకాలాలు దానికి మరింత ఊతం.

దీనికి చికిత్స సుమారు 54 డిగ్రీల నిలకడైన వేడిలో గంటల తరబడి టేపును ఆరబెట్టడం. అందుకు ప్రయోగశాలల్లో వాడే ఓవెన్ కావాలి, వంటింటి ఓవెన్ పనికిరాదు. ఆ తర్వాత కొన్ని వారాలు టేపు మామూలుగా పలుకుతుంది, ఆలోగా ఎక్కించేయాలి. అంతకు ముందు తరం అసిటేట్ (మరో రకం ప్లాస్టిక్) టేపును మాత్రం ఇలా వేడి చేయకూడదు, చేస్తే మిగిలినదీ పోతుంది. రీలును వెలుతురుకు అడ్డంగా పట్టుకుంటే, చుట్టల గుండా వెలుగు కనబడేది సాధారణంగా అసిటేట్. వెనిగర్ వాసన కూడా వస్తుంటే అది కుళ్లడం మొదలైందని అర్థం.

ఆ తర్వాత వేగం తేల్చుకోవాలి: సెకనుకు ఏడున్నర అంగుళాలా, పదిహేనా? హెడ్ కోణాన్ని ఆ టేపుకు తగినట్టు సరిచేయాలి, లేకపోతే పైస్వరాలు మసకబారతాయి. రొద తగ్గించే డాల్బీ పద్ధతితో రికార్డు చేశారా లేదా అన్నది పెట్టె మీద రాసి ఉంటే అదృష్టం. లేకపోతే రెండు విధాలా విని నిర్ణయించుకోవాలి. మళ్లీ చీటీ దగ్గరికే వచ్చాం చూశారా.

అపోహ: కృత్రిమ మేధ ఉందిగా, ఇక ఏ టేపయినా కొత్తదైపోతుంది.

2023లో బ్రిటిష్ బృందం బీటిల్స్ పేరిట వచ్చిన చివరి పాటను అందరూ ఉదాహరణగా చూపిస్తారు. 1970ల చివర ఆ బృందపు గాయకుడు జాన్ లెనన్ ఇంట్లో క్యాసెట్ మీద పాడుకున్నదాంట్లోంచి గొంతును, పియానోను విడదీసి దాన్ని తయారుచేశారు. గొప్ప పని, నేనూ చెవులు రిక్కించి విన్నాను. కానీ అక్కడ కలిసిపోయి ఉన్నదాన్ని విడదీశారు. టేపు మీద లేనిదాన్ని ఏ సాఫ్ట్‌వేర్ కూడా తిరిగి తేదు. బూజు తిన్న చోట గొంతు వినిపించిందంటే, ఆ గొంతు ఊహించి పూరించినది. అది సంగీతం కావచ్చు, చారిత్రక రికార్డింగు మాత్రం కాదు. రొదను అతిగా తీసేసిన పాత పాట నీళ్లలోంచి వినిపిస్తున్నట్టు ఉంటుంది. నాకైతే కొంచెం బుస ఉన్నా ఫరవాలేదు.

అపోహ: 192 కిలోహెర్ట్జ్ ఫైలులో సంగీతం ఎక్కువ ఉంటుంది.

ఉండదు. కిలోహెర్ట్జ్ అంటే ఇక్కడ ధ్వనిని సెకనుకు ఎన్ని వేల సార్లు కొలుస్తారో, బిట్లు అంటే ఒక్కో కొలత ఎంత సూక్ష్మమో. ఆర్కైవు పనికి 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ ధారాళంగా సరిపోతుంది. తేడా వచ్చేది హెడ్ కోణంలో, ఎంచుకున్న టేపులో.

అపోహ: యాభై ఏళ్లు దాటితే పాట అందరిదీ.

ఈ మాట ఐరోపా నుంచి పాకి వచ్చింది. అక్కడ రికార్డింగుల రక్షణను 2011లో 50 ఏళ్ల నుంచి 70కి పెంచారు. కానీ 50 ఏళ్లలోపు విడుదల కాని రికార్డింగుకు ఆ పెంపు దక్కదు. అందుకే 2012 చివర డిలాన్ 1962 నాటి రికార్డింగులను సుమారు వంద సెట్లు మాత్రమే వేసి ఐరోపాలో విడుదల చేశారు, కాపీరైట్ పొడిగింపు కోసమేనని పేరులోనే చెప్పుకొన్నారు. అభిమానులు దాన్ని దాచిపెట్టిన నిధి అనుకున్నారు గానీ, అది గడువులోపు కట్టిన పన్ను లాంటిది.

మన చట్టం లెక్క వేరు. రికార్డింగు మీద హక్కు, విడుదలైన మరుసటి ఏడాది మొదలుకుని 60 ఏళ్లు. 1960లో వచ్చిన రికార్డుకు అది 2020తో ముగిసింది. పాట మీద హక్కు అలా ముగియదు. ఆ పాట రాసినవారు, బాణీ కట్టినవారు 1980లో కన్నుమూసి ఉంటే, సాహిత్యం మీద, బాణీ మీద హక్కు 2040 దాకా నడుస్తుంది. తన పాట తానే రాసి, బాణీ కట్టి, పాడుకునే వాగ్గేయకారుడి టేపులకు ఇక్కడే సౌకర్యం ఉంది, సంతకాలు తగ్గుతాయి. అదే సినిమా పాట మాస్టర్ దొరికితే కవి వారసులు, సంగీత దర్శకుడి వారసులు, నిర్మాత, రికార్డు కంపెనీ ఎవరెవరో ముందు తేలాలి. డిలాన్‌కు వచ్చినన్ని పెట్టెలు మన పాతతరం గొంతులకు ఎందుకు రావని అడిగేవారికి నేను మొదట చెప్పేది ఇదే. టేపులు పోవడం ఆ తర్వాతి కారణం.

అపోహ: అభిమానులు దాచుకున్న క్యాసెట్లకు విలువ లేదు.

డిలాన్ 1966 కచేరీలను 2016లో 36 సీడీల పెట్టెగా తెచ్చినప్పుడు, మెరుగైనవి లేని చోట ప్రేక్షకుల్లో కూర్చున్నవారు రికార్డు చేసుకున్న టేపులనే వాడారు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలోనో, రవీంద్రభారతిలోనో మీ తాతగారు ఒళ్లో రికార్డర్ పెట్టుకుని ఎక్కించినది మీ అటక మీద ఉంటే, ఇప్పుడే ప్లే చేసి చూడకండి. ఎండలో పెట్టకండి, తడిగుడ్డతో తుడవకండి. అటక మీంచి దించి, పొడిగా ఉండే గదిలో పుస్తకాల్లా నిలబెట్టండి. పెట్టె చిరిగినా పారేయొద్దు. దాని మీద రాతను ఫోనుతో ఫొటో తీసి, పక్కన మీకు తెలిసినది రాయండి: ఎవరు పాడారు, ఎక్కడ, ఇంట్లో ఎవరు రికార్డు చేశారు. తేదీ గుర్తులేకపోతే ఊహించి రాయకుండా ఖాళీగా వదిలేయండి.