మాలాక్‌కి ఇచ్చే సైజు: అపోహలు - వాస్తవాలు

సీ కోడ్ రివ్యూకి వచ్చిందంటే నేను ముందు చూసేది మాలాక్ (అడిగినన్ని బైట్ల మెమరీ ఇచ్చే ఫంక్షన్) బ్రాకెట్ల మధ్య, ఎలిమెంట్ల సంఖ్యని ఒక్కోదాని సైజుతో గుణించే గుణకారాన్నే. దాని మీద తరచూ వినపడే మాటలు కొన్ని:

అపోహ: సైజు మరీ పెద్దదైతే మాలాక్ నల్ (చోటు దొరకలేదని చెప్పే ఖాళీ చిరునామా) ఇస్తుంది, అది చెక్ చేసుకుంటే చాలు.

వాస్తవం: గుణకారం అయ్యాక మిగిలిన అంకె ఒక్కటే మాలాక్‌కి అందుతుంది. మీరు ఎన్ని ఎలిమెంట్లకు చోటు అడగబోయారో దానికేం తెలుసు? సైజ్_టీ (సీలో సైజులు పెట్టుకునే టైపు) 32 బిట్లున్న చోట 1,07,37,41,825ని 4తో గుణిస్తే 4,29,49,67,300 రావాలి. అన్ని బిట్లు పట్టవు కాబట్టి పైది పోయి 4 మిగులుతుంది. మాలాక్ ఆ నాలుగు బైట్లు ఇచ్చేస్తుంది, నల్ చెక్ పాసవుతుంది, తర్వాతి లూప్ హద్దు దాటి రాసుకుంటూ పోతుంది. 2002లో రిమోట్ లాగిన్ ప్రోగ్రామ్ ఓపెన్‌ఎస్‌ఎస్‌హెచ్‌లో బయటపడ్డ లోపం ఈ రకందే. అవతలి వైపు నుంచి వచ్చిన జవాబుల సంఖ్యను పాయింటర్ (మెమరీ చిరునామా) సైజుతో గుణించి నేరుగా అలొకేట్ చేసేవారు. 3.4 వెర్షన్‌లో సరిచేశారు.

అపోహ: మాది 64 బిట్ మెషిన్, ఈ టెన్షన్ మాకు లేదు.

వాస్తవం: వెడల్పు, ఎత్తు రెండూ ఇంట్ (అక్కడా సాధారణంగా 32 బిట్లే) అయితే గుణకారం ఇంట్‌లోనే జరుగుతుంది, సైజ్_టీగా మారేది ఆ తర్వాతే. 40,000 × 30,000 బొమ్మకి పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున 480 కోట్ల బైట్లు కావాలి. సైన్డ్ ఇంట్ పొంగితే (లెక్క దాని హద్దు దాటితే) ఏమవుతుందో స్టాండర్డ్ హామీ ఇవ్వదు. మామూలుగా కనిపించేది మాత్రం 50,50,32,704. అంటే దాదాపు పదో వంతు.

అపోహ: గుణించాక, ఫలితం ఎలిమెంట్ల సంఖ్య కంటే తక్కువుందేమో చూస్తే దొరికిపోతుంది.

వాస్తవం: దొరకదు. 32 బిట్లలో 30,19,89,888ని 16తో గుణించి చూడండి. 53,68,70,912 వస్తుంది. తప్పు లెక్కే, కానీ అసలు సంఖ్య కంటే ఎక్కువ! గుణించక ముందే సైజ్_మాక్స్‌ని (సైజ్_టీలో పట్టే అతిపెద్ద సంఖ్యని) ఎలిమెంట్ సైజుతో భాగించి, సంఖ్య అంతకు మించితే వెనక్కి తిరగాలి. సీ23 (సీ భాష 2023 స్టాండర్డ్) వచ్చిన కంపైలరైతే సీకేడీ_మల్ ఈ పొంగుడు పట్టే పని చేసిపెడుతుంది.

అపోహ: కాలాక్ అంటే సున్నాలు నింపే మాలాక్, అంతే.

వాస్తవం: కాలాక్ సంఖ్యనీ సైజునీ విడివిడిగా తీసుకుంటుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న ప్రధాన లైబ్రరీల్లో పొంగుడు చెక్ దాని లోపలే ఉంది. సున్నాలు అక్కర్లేకపోతే అదే చెక్ చేసే రీఅలాక్‌అరే వాడండి. ఓపెన్‌బీఎస్‌డీ ఆపరేటింగ్ సిస్టమ్‌లో 2014లో మొదలై, 2017లో లినక్స్‌లో వాడే సీ లైబ్రరీ జీలిబ్‌సీ 2.26లోకీ వచ్చింది.

అపోహ: సైజాఫ్ వాడితే సైజు తప్పదు.

వాస్తవం: పి ఒక పాయింటరైతే, సైజాఫ్ పి అంటే ఆ పాయింటర్ సైజే; అది చూపే డేటా సైజు కావాలంటే సైజాఫ్ *పి అని స్టార్ పెట్టాలి. స్టార్ మర్చిపోతే 64 బిట్ మెషిన్‌లో ఎంత పెద్ద స్ట్రక్చర్‌కైనా 8 బైట్లే.

ఇంకొకటి, రివ్యూల్లో ఎక్కువగా జారిపోయేది. గుణకారాన్ని జాగ్రత్తగా చెక్ చేసి, దానికి హెడర్ (డేటాకి ముందుండే భాగం) సైజు కలిపేటప్పుడు వదిలేస్తారు. కూడిక కూడా పొంగుతుంది. సైజ్_మాక్స్‌లోంచి హెడర్‌ని ముందే తీసేసి, మిగిలినదాన్ని భాగిస్తే రెండూ ఒకే చెక్‌లో అయిపోతాయి.