మూడో కాన్పు లెక్క

పంచాయతీ ఎన్నికల ఊసు ఎత్తినా, నియోజకవర్గాల పునర్విభజన మాట వచ్చినా ముగ్గురు పిల్లల్ని కనాలా వద్దా అన్న చర్చ మళ్ళీ రాజుకుంటోంది. కుటుంబ నియంత్రణ ఎర్ర త్రికోణం, ఎమర్జెన్సీ రోజుల సంగతులు అందరికీ తెలిసినవే. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే 1994 దగ్గర మొదలుపెట్టాలి.

ఆ ఏడాది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ పంచాయతీరాజ్ చట్టం మహిళలకు మూడో వంతు స్థానాలు రిజర్వు చేసింది. చట్టం అమల్లోకి వచ్చిన ఏడాది తర్వాత మూడో బిడ్డ పుడితే పోటీకి అనర్హులని కూడా అదే చట్టం చెప్పింది. దాంతో నామినేషన్ల పరిశీలన రోజున మండలాఫీసు దగ్గర ఎవరి చేతిలో చూసినా రేషన్ కార్డు జిరాక్సులే. ఎదుటి వర్గం వాళ్ళు బడి రిజిస్టరు నకలు తెచ్చి మూడో పిల్ల పుట్టిన తేదీ చూపించేవాళ్ళు. కడుపున పుట్టిన బిడ్డను ఆడపడుచు బిడ్డని చెప్పుకోవాల్సి వచ్చిన తల్లులున్నారు. మగపిల్లాడి కోసం మూడో కాన్పుకు పట్టుబట్టింది అత్తవారైనా, పదవి పోయింది మాత్రం ఆమెకే. హర్యానా కేసులో ఇలాంటి నిబంధన సబబేనని 2003లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

అయితే మన దగ్గర కాన్పులు తగ్గింది ఈ చట్టం వల్ల అనుకుంటే పొరపాటు. ఊరి మొత్తం మీద సర్పంచి పదవికి పోటీ చేసేవాళ్ళు ఎందరుంటారు? 1992-93 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి రాష్ట్రంలో ఒక్కో స్త్రీకి సగటున 2.6 మంది పిల్లలు. 2005-06 నాటికి అది 1.8కి పడిపోయింది. 1991 జనగణనలో మన ఆడవాళ్ళ అక్షరాస్యత మూడో వంతు కూడా లేదు. కేరళలో ముందు చదువొచ్చింది, తర్వాత కాన్పులు తగ్గాయి. ఇక్కడ చదువు రాకముందే తగ్గాయి. కారణం ఒక్క మాటలో చెప్పాలంటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్.

పద్దెనిమిది నిండకుండా పెళ్ళి, ఇరవై ఒకటికల్లా ఇద్దరు పిల్లలు, రెండో బిడ్డ చంకలో ఉండగానే ఆపరేషన్. ఇన్ని ఆపరేషన్లు చేయాలన్న టార్గెట్లు ఎత్తేశామని 1996లో కేంద్రం ప్రకటించినా ఇక్కడ క్యాంపులు ఆగలేదు. క్యాంపు రోజున ఆరోగ్య కేంద్రం వరండాలో చాపల మీద ఆడవాళ్ళు వరసగా మత్తులో పడుకుని ఉండేవాళ్ళు. బయట వేపచెట్టు కొమ్మకు చీర ఉయ్యాల కట్టి చంటిబిడ్డను అమ్మమ్మ ఊపుతుండేది. మచ్చ మానకముందే కలుపు తీతకు వెళ్ళినవాళ్ళు ఎందరో. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన స్త్రీలలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళే. దేశంలో ఇదే ఎక్కువ. మగవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు.

ఇదంతా సర్కారు బలవంతమే అంటే ఆ తల్లులు ఒప్పుకోరు. వాళ్ళకు వాళ్ళ లెక్క ఉంది. ఎకరన్నర పొలం ముగ్గురు కొడుకులకు పంచితే ఎవరికీ గిట్టదు. ముగ్గురూ ఆడపిల్లలైతే మూడు కట్నాలు. సరిగ్గా ఆ రోజుల్లోనే మండల కేంద్రాల్లో కాన్వెంట్లు వెలిశాయి. పదేళ్ళకే గొడ్లు కాసే పిల్లాడు ఇంటికి ఆసరా. బడి వ్యాను ఎక్కే పిల్లాడికి ఇరవై రెండేళ్ళు వచ్చేదాకా పెట్టుబడి పెట్టాల్సిందే. డ్వాక్రా అప్పు తెచ్చో, పుస్తెలతాడు తాకట్టు పెట్టో ఫీజు కట్టిన తల్లికి మూడో బిడ్డ ఎందుకు వద్దో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ప్రభుత్వాల వాదన వేరు. 2020 నమూనా నమోదు సర్వేలో రెండు తెలుగు రాష్ట్రాల సంతాన రేటు, అంటే ఒక్కో స్త్రీకి సగటు పిల్లలు, 1.5. ముసలివాళ్ళు పెరుగుతున్నారు, పనిచేసే చేతులు తగ్గుతున్నాయి. కేంద్ర పన్నుల్లో రాష్ట్రాల వాటా తేల్చే 15వ ఆర్థిక సంఘం 1971 జనాభాను పక్కనపెట్టి 2011 లెక్క తీసుకున్నాక ఆంధ్రప్రదేశ్ వాటా 4.305 నుంచి 4.047 శాతానికి తగ్గింది. తెలంగాణకూ కోత పడింది. రేపు లోక్‌సభ సీట్లూ జనాభాను బట్టే అంటే నష్టం ఇంకా పెద్దది. ఈ అన్యాయం నిజం. దానికి జవాబు ఢిల్లీలో రాబట్టాలి, ప్రసూతి వార్డులో వెతకకూడదు.

2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇద్దరు పిల్లల నిబంధనను రద్దు చేసింది. 2025లో తెలంగాణ మంత్రివర్గమూ అదే బాట పట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రసూతి సెలవుకు ఇద్దరు పిల్లల పరిమితి తీసేశారు. అది ఉద్యోగం ఉన్నవాళ్ళకు. మిర్చి కోతకు వెళ్ళే ఆమెకు సెలవెక్కడిది? తల్లికి వందనం పథకం కింద బడికి వెళ్ళే ఒక్కో బిడ్డకు ఏడాదికి 15,000 రూపాయలు అన్నారు. అందులోనూ 2,000 బడి నిర్వహణకు పోతుంది. మంచి సాయమే, కానీ ఒక బిడ్డను ఇంటర్ దాటించే ఖర్చు ముందు అది ఏ మూలకు?

2019-21 నాటికి కూడా ఆంధ్రప్రదేశ్‌లో 20-24 ఏళ్ళ యువతుల్లో 29 శాతం మంది పద్దెనిమిది నిండకముందే పెళ్ళయినవాళ్ళు. ఆ అమ్మాయి రెండో కాన్పుకు ఆసుపత్రికి వస్తే ఇవాళ్టికీ ఎదురయ్యే ప్రశ్న ఒకటే: "ఆపరేషన్ ఎప్పుడు చేయించుకుంటావమ్మా?"