షుగర్ నిల్ అన్నా చక్కెర ఉంది తల్లీ

అమ్మడూ, చిన్నోడా,

మొన్న గుంటూరు వచ్చినప్పుడు నా రిపోర్టు చూసి "తాతయ్యా, యూరిన్‌లో షుగర్ నిల్ అని రాశారు, నువ్వేమో ఉచ్చలో చక్కెరలుంటాయన్నావు, ఏది నిజం?" అని అడిగావు, ఈలోపు మీ బెజవాడ బస్సు వచ్చేసింది. రెండూ నిజమే తల్లీ. ల్యాబ్ వాళ్ళు చూసింది నీళ్ళలో కరిగిన గ్లూకోజ్. నేను చెప్పిన చక్కెరలు అలా కరిగి ఉండవు, మన కణాలు బయటికి వదిలే బుల్లి సంచుల మీద అతుక్కుని ఉంటాయి. వెంట్రుక మందంలో పక్కపక్కన పేరిస్తే ఆ సంచులు కొన్ని వందలు పడతాయి.

మా చిన్నప్పుడు నాన్న ఎడ్లబండి మీద మిరపకాయలు యార్డుకి తోలేవాడు, నేను బస్తాల మీద పడుకుని వచ్చేవాణ్ణి. గోతాం నోరు దబ్బనంతో కుట్టాక పురికొస చివర మూడు ముళ్ళు వేసేవాడు, అది మా గుర్తు. ఒకరాత్రి మా బస్తా ఒకటి పక్కవాళ్ళ రాశిలో కలిసిపోతే నాన్న దీపం కూడా అడగలేదు, చీకట్లో చేత్తో తడుముకుంటూ పోయి మూడు ముళ్ళు తగలగానే "ఇది మనదిరా" అన్నాడు. ఆ చెయ్యి ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది.

ఆ సంచుల మీద చక్కెర గొలుసులు అలాంటి ముళ్ళే. మీ స్కూల్ ఐడీ కార్డు మీద బ్లడ్ గ్రూప్ ఉంటుందే, ఏ కీ బీ కీ తేడా కూడా ఎర్ర కణాల మీద ఆ గొలుసు కొసన ఉన్న ఒక్క చక్కెరే! మూత్రంలో వచ్చే సంచులు కిడ్నీలోని సన్నటి గొట్టాల కణాల నుంచి కూడా వస్తాయని 2004లో అమెరికాలో మార్క్ నెపర్ గారి బృందం చూపించింది. కణానికి జబ్బు చేస్తే ముడి మారొచ్చు, అందుకే సూది గుచ్చి కిడ్నీ ముక్క తియ్యకుండా మూత్రం నుంచే సంగతి తెలుసుకోవచ్చా అని చూస్తున్నారు.

మరి చీకట్లో తడిమే చెయ్యి ఏది? లెక్టిన్లు అని కొన్ని ప్రోటీన్లున్నాయి, ఒక్కోటి ఒక్కో రకం చక్కెర ముడినే పట్టుకుంటుంది. అవి ఎక్కడివనుకున్నారు, మన వేరుశనగ గింజలోవి, పనసగింజలోవి, గోధుమ గింజలోవి! గాజుపలక మీద రకరకాల లెక్టిన్లు చుక్కలు చుక్కలుగా పెట్టి సంచుల్ని పోస్తే, ఏ చుక్క దగ్గర ఎన్ని ఆగాయో చూసి పైనున్న ముళ్ళు చెప్పేస్తారు. ఒక చిక్కుంది. మూత్రంలో యూరోమోడ్యులిన్ అనే దారాల్లాంటి ప్రోటీన్ బోలెడు ఉంటుంది, సంచులు అందులో చిక్కుకుంటాయి, పైగా ఆ దారం నిండా దాని చక్కెరలే. దాన్ని విడదియ్యకపోతే తాడు ముళ్ళు చూసి బస్తా ముళ్ళు అనుకుంటాం.

ఉచ్చ అనగానే ముక్కు మూసుకుని నవ్వకండి, స్కూల్లో ఆపుకుని కూర్చోకండి కూడా. మట్టిలో కాసిన పల్లీకి మన కిడ్నీ సంచి మీది గుర్తు ఎలా తెలిసిందో, ఎంత ఆలోచించినా నాకు ఆశ్చర్యం తీరట్లేదు.

ఒంటిపూట బళ్ళేగా, యార్డు నడిచే రోజు చూసుకుని రండి. రెండు బస్తాల కుట్లు కళ్ళు మూసుకుని తడిమి చూద్దురు గాని. ముక్కుకి గుడ్డ కట్టుకోవాలి, మిరప ఘాటుకి తుమ్ములు ఆగవు.

మీ తాతయ్య