మొదటి ట్రిప్పు మట్టి

మూడేళ్ల కిందట గుంటూరులో ఇల్లు మొదలుపెట్టినప్పుడు పునాది నింపడానికి ఎర్ర గ్రావెల్ తోలించాం. పేరేచర్ల వైపు గుట్ట నుంచి తెచ్చానన్నాడు టిప్పర్ డ్రైవరు. మేస్త్రి వేరే పనిలో ఇరుక్కుని నెల దాకా రాలేదు. ఈలోగా తొలకరి పడింది. ఒక కుప్ప మీద పచ్చగా మొలకలు లేచాయి. వెంపలి, తంగేడు, పేరు తెలియని రెండు మూడు రకాల గడ్డి. మా వీధి మొత్తం వెతికినా తంగేడు కనపడదు. అంటే గుట్ట తన విత్తనాలతో సహా టిప్పర్ ఎక్కి వచ్చేసిందన్నమాట.

విచిత్రమేమిటంటే పక్కనున్న మిగతా కుప్పలు బోడిగానే ఉన్నాయి. వాన ఒకటే, ఎండ ఒకటే. డ్రైవర్ని అడిగితే విషయం తేలింది. మొలకలొచ్చింది మొదటి ట్రిప్పు. అది గుట్ట పైపొర గీకిన మట్టి. తర్వాతవన్నీ లోపలి నుంచి తవ్వినవి.

తవ్వేసిన నేల మీద మళ్లీ అక్కడి చెట్టూచేమా పెంచాలనుకునే వాళ్లకు అన్నిటికన్నా విలువైనది ఈ పై జానెడు మట్టే. గనిలో పని మొదలుకాగానే చెత్తలా పక్కకు తోసేసేదీ దాన్నే. ఏళ్ల తరబడి రాలి, ఎండా వానా చూసి, అదను కోసం కాచుకున్న గింజలు అందులో ఉంటాయి. బూజు పోగుల్లాంటి శిలీంధ్రాలూ ఉంటాయి. అవి మొక్క వేళ్లతో జత కట్టి, వేరుకు అందని భాస్వరాన్ని తెచ్చిపెట్టి, బదులుగా చక్కెర పుచ్చుకుంటాయి. లోపలి గ్రావెల్‌లో ఇవేవీ ఉండవు. అక్కడ ఎంత ఖరీదైన మొక్క నాటినా దిక్కులేని పిల్లే.

పోనీ పైమట్టిని తీసి ఓ మూల గుట్టగా పోసి, పదేళ్ల తర్వాత పరిస్తే? అంతగా పనికిరాదు. ఎత్తుగా పోసిన కుప్ప లోపల గాలి ఆడదు. గింజలు చస్తాయి, శిలీంధ్రాలు పలచబడతాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జర్రా అనే చెట్ల అడవుల్లో అల్యూమినియం ముడిరాయి బాక్సైట్ తవ్వేవాళ్లు అందుకే ఒక చోట గీకిన పైమట్టిని, వీలైనంత వరకూ నిల్వ పెట్టకుండా, పని అయిపోయిన పక్క గుంత మీద పరుస్తారు. పెరుగు తోడు వేసినట్టే.

మన దగ్గరా నిబంధనలు లేకపోలేదు. పెద్ద ఖనిజాలకు వర్తించే 2017 నాటి ఖనిజ సంరక్షణ నియమాలు పైమట్టిని పునరుద్ధరణకు వాడాలంటాయి. తవ్విన చోట మళ్లీ గడ్డి పెంచాలన్న షరతును లీజుల్లో చేర్చమని 2020 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పింది. సున్నపురాయి పెద్ద ఖనిజం. గ్రావెల్, కంకర రాయి మాత్రం చిన్న ఖనిజాల లెక్కలోకి వస్తాయి, వాటి సంగతి రాష్ట్రాలు చూసుకోవాలి.

గడ్డి అనగానే మనకు చిన్నచూపు. క్వారీ పూడ్చిన చోట జామాయిల్ వరసలు కనపడితేనే ఫొటోకు బాగుంటుంది. ఏమీ నాటకపోతే సర్కారు తుమ్మ తనంతట తనే వచ్చి కూర్చుంటుంది. దూరానికి రెండూ పచ్చగానే ఉంటాయి, కానీ రెండూ బయటి దేశాల చెట్లే. నా మటుకు నాకు ఆ పచ్చదనం కన్నా ఊళ్లో మేకలు కూడా పట్టించుకోని వెంపలి నయమనిపిస్తుంది. మా కుప్ప మీది వెంపలి మొక్కనొకదాన్ని జాగ్రత్తగా పెకలించి చూశాను. సన్నటి వేళ్ల నిండా ఆవగింజంత బుడిపెలు. ఒకదాన్ని గోటితో గిల్లితే లోపల లేత గులాబీ రంగు. అది లెగ్‌హీమోగ్లోబిన్, మన నెత్తుటిని ఎర్రగా ఉంచే పదార్థానికి దగ్గరి చుట్టం. బుడిపెల్లోని బాక్టీరియా గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకు ఎరువుగా మారుస్తుంది. ఆ పనికి ఆక్సిజన్ ఎక్కువైతే చేటు, అందుకే ఈ గులాబీ పదార్థం దాన్ని అదుపులో పెడుతుంది. యూరియా బస్తా లేని గుట్ట మీద తొలి ఎరువు ఇలాగే తయారవుతుంది.

వెంపలి, బోదగడ్డి నేలను పట్టుకున్నాక తంగేడు, రేగు, బలుసు లాంటి పొదలు. పొద లేచిందంటే పికిలి పిట్టలు వాలతాయి. అవి తిన్న పండ్ల గింజల్ని రెట్టలో వదిలిపోతాయి, కూలీ ఖర్చు లేదు. రేల, మోదుగ, చండ్ర, ఆఖరికి కొండపల్లి బొమ్మలకు కర్రనిచ్చే తెల్లపొణికి ఆ తర్వాతి మాట. పొణికి గింజ పెంకు గట్టిది, ఓ పట్టాన మొలవదు.

పల్నాడు సున్నపురాయి గుంతల్లో ఇంకో చిక్కుంది. క్షారగుణం వల్ల ఇనుము నేలలో ఉన్నా వేరుకు దక్కదు. లేత ఆకు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి. సున్నపు నేలలో వేరుశనగ వేసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. అక్కడ ఆ నేలలోనే పుట్టి పెరిగిన మొక్కల గింజలు ఏరుకోవాల్సిందే.

జోధ్‌పూర్ కోట పక్క రాతినేలలో 2006లో ఇలాంటి పని మొదలైంది. అక్కడ పాతుకుపోయిన సర్కారు తుమ్మ వేళ్లను రాతి పగుళ్లలోంచి తవ్వి తీసింది ఎవరో కాదు, తరతరాలుగా రాయి కొట్టే పనివాళ్లే. సుత్తి దెబ్బకు రాయి మోగే తీరును బట్టి పగులు ఎటు పోయిందో చెప్పేవారట. వేళ్లు పోయిన గుంతల్లోనే ఆ నేల మొక్కలు నాటారు. మన వడ్డెర పనివాళ్ల చేతుల్లోనూ ఆ నేర్పుంది. క్వారీ మూతపడ్డాక వాళ్లను పిలిచిన వాళ్లున్నట్టు నేను వినలేదు.

మేస్త్రి వచ్చాక, "ఈ కంపంతా పీకించమంటారా సార్?" అన్నాడు. మొదటి ట్రిప్పు మట్టిని రెండు బస్తాలు పక్కకు తీయించి పెరటి గోడ వారన పోయించాను. మిగిలింది పునాదిలోకి పోయింది. మొన్న దసరాకు ఆ గోడ పక్క తంగేడు పూసింది.