గృహనిర్మాణ విధానాధికారి ఉద్యోగం: అపోహలు - వాస్తవాలు

విజయవాడలో నా ఉద్యోగమేమిటో చెప్పగానే, "ఇళ్లన్నీ మీ చేతిలోనే ఉంటాయి కదండీ, మావాడికొకటి చూడండి" అనేవారే ఎక్కువ.

అపోహ: ఇల్లు మంజూరు చేసేది ఈ అధికారే.

వాస్తవం: స్థలానికి పట్టా ఇచ్చేది రెవెన్యూ శాఖ. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ పథకం కింద సొంత స్థలంలో కట్టుకునే ఇంటికి కేంద్రం 1.5 లక్షల రూపాయలు ఇస్తుంది, మిగతాది రాష్ట్రమూ లబ్ధిదారూ భరించాలి. కుటుంబంలో ఎవరి పేరనైనా దేశంలో ఎక్కడైనా పక్కా ఇల్లు ఉంటే ఏ సిఫారసూ పనిచేయకూడదు. స్థలం, నిధులు, నిబంధనలు ఒకదానితో ఒకటి కుదిరేలా ప్రతిపాదన తయారుచేయడమే మా వంతు.

అపోహ: ఇంటికి విడతలుగా రావాల్సిన సొమ్ము, అంటే బిల్లు, ఆగిందంటే ఎవరో చేయి చాపారన్నమాట.

వాస్తవం: అలాంటివి అసలుండవని నేననను. అయితే పునాది, స్లాబు వంటి ప్రతి దశకూ ఫొటో జియోట్యాగ్ అయ్యాకే, అంటే తీసిన చోటు వివరంతో నమోదయ్యాకే, సొమ్ము నేరుగా ఖాతాలో పడుతుంది. పట్టాలో పుట్టింటి ఇంటిపేరు, ఆధార్‌లో అత్తింటి ఇంటిపేరు, ఆధార్‌కు ముడిపడినదేమో ఎప్పుడో వాడకం మానేసిన బ్యాంకు ఖాతా. అప్పుచేసి స్లాబు పోయించిన మహిళకు బిల్లు పడకపోవడానికి ఇంతే చాలు.

అపోహ: ఇది సివిల్ ఇంజినీర్ల శాఖ.

వాస్తవం: అసిస్టెంట్ ఇంజినీర్ (ఏఈ) పోస్టుకు ఆ చదువు తప్పనిసరే గాని, విధానం వైపు ప్లానర్లకూ ఆర్థికశాస్త్రం చదివినవారికీ పని ఉంది. విజయవాడలోనే 2008లో స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ ఏర్పడింది.

అపోహ: తాళాలు చేతికిస్తే ఇంటి సమస్య తీరినట్టే.

వాస్తవం: ఈ ఉద్యోగంలో అసలు కష్టం ఇక్కడే ఉంది. పేదల కాలనీకి చవగ్గా దొరికే భూమి ఊరి అంచున ఉంటుంది, పేదల పని మాత్రం ఊరి నడుమ ఉంటుంది. కాళేశ్వరరావు మార్కెట్‌లో తెల్లవారకముందే బస్తాలు దించే ముఠా కూలీని, నాలుగిళ్లలో పాచిపని చేసే అతని భార్యను కాలువ గట్టు మీది పాక నుంచి దూరపు కాలనీకి తరలిస్తే, ఇల్లు పక్కాదవుతుంది గాని ఆమెకు రెండిళ్ల పని పోతుంది, అతనికి ఆటో ఖర్చు మీద పడుతుంది. ఒక్కో ఇంటికి మేం లెక్కగట్టే ఖర్చులో, అంటే యూనిట్ వ్యయంలో, ఈ నష్టాన్ని చూపే గడే లేదు. కొన్నాళ్లకు ఆ ఇంటిని అద్దెకిచ్చి వాళ్లు మళ్లీ గట్టు మీదికే చేరితే, ఇల్లిస్తే అద్దెకిచ్చుకున్నారని నిందించడం మనకు తేలిక.

చవక భూమికి పల్లం మరో చిక్కు. సెప్టెంబరు 2024లో బుడమేరు వాగు పొంగి విజయవాడలోని సింగ్ నగర్ రోజుల తరబడి నీళ్లలో ఉంది. ఏ స్థల ప్రతిపాదన వచ్చినా, సెంటు ధర కన్నా ముందు నేను అడిగేవి రెండే: తెల్లవారుజామున మొదటి బస్సు ఎన్నింటికి, ఆ వరదలో అక్కడ నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయి.