మంచు నిజంగా కురుస్తుందా?

చలికాలంలో పిల్లల్ని ఆరుబయటికి తీసుకెళ్లి వాతావరణం గురించి ఏం చేయించొచ్చని ఒక టీచరు అడిగారు. గాలి దిక్కు చూపే బాణాలు, వాన కొలిచే సీసాలు అందరూ చేయించేవే, వాటి జోలికి పోను. తెల్లవారేసరికి గడ్డిమీద కనిపించే మంచు బొట్లు ఎక్కణ్నుంచి వస్తాయో చూపే ప్రయోగం నాకిష్టం. దానికి కాస్త దూది, ఒక స్టూలు, మబ్బూ గాలీ లేని రాత్రి చాలు.

సమాన బరువున్న రెండు దూది పింజలు తీసుకుని, ఒకటి స్టూలు మీద పెట్టండి. రెండోది అదే పలక అడుగున దారంతో కట్టండి. తెల్లవారాక, ఎండ తగలకముందే 0.1 గ్రాము తేడా చూపే తూకంలో తూచమనండి. పైది బాగా తడిసి ఉంటుంది, కిందిది అంతగా తడవదు. "పైనుంచి కురిసింది కాబట్టి పైదే తడిసింది" అంటారు పిల్లలు. అననివ్వండి. మన భాషా వాళ్ల పక్షమే: మంచు కురిసింది, మంచు పడింది అంటాం. ఐరోపా రసవాదులైతే మంచునీటితో ఆకాశశక్తి దిగివస్తుందని నమ్మి, బట్టలు పరిచి పిండుకునేవారు.

మర్నాటి రాత్రి అడుగూ మూతా లేని పొడవాటి అట్టగొట్టాన్ని గడ్డిమీద నిలబెట్టండి. లోపల ఒక పింజ, బయట ఒకటి. నెత్తిన అడ్డేమీ లేదు కదా, కురిసేదే అయితే రెండూ ఒకేలా తడవాలి. తడవవు! లండన్ వైద్యుడు విలియం చార్లెస్ వెల్స్ 1814లో ప్రచురించిన ప్రయోగమే ఇది. ఆయన రెండున్నర అడుగుల మట్టిగొట్టం వాడాడు, లోపలా బయటా 10 గ్రెయిన్ల చొప్పున ఉన్ని పెట్టాడు (గ్రెయిన్ అంటే సుమారు 65 మిల్లీగ్రాములు). బయటి ఉన్నికి 16 గ్రెయిన్ల తేమ పట్టింది. లోపలిదానికి 2 కన్నా కాస్త ఎక్కువ, అంతే.

గొట్టమైనా, ముందు రాత్రి స్టూలు పలకైనా అడ్డుకున్నది పైకి పోయే వేడిని. 10 డిగ్రీల దగ్గరున్న గడ్డి పరారుణ కిరణాల రూపంలో చదరపు మీటరుకు దాదాపు 360 వాట్లు వదిలేస్తుంది. ఆకాశం కొంత తిరిగిస్తుంది గానీ, ఆ కిరణాల్లో 8 నుంచి 13 మైక్రోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నవాటికి గాలిలోని నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడు పెద్దగా అడ్డుపడవు. ఆ సందులోంచి వేడి అంతరిక్షంలోకి జారిపోతుంది. జమ తక్కువ, ఖర్చెక్కువ. దాంతో గడ్డి తన చుట్టూ ఉన్న గాలికన్నా చల్లబడుతుంది. తుషార స్థానం (గాలిలోని ఆవిరి నీరుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత) కన్నా కిందికి దిగిందా, దాన్ని తాకిన గాలిలోని ఆవిరి అక్కడే నీరవుతుంది. గొట్టంలోని పింజకు కనిపించేది ఆకాశంలో చిన్న ముక్క. చుట్టూ ఉన్న గోడ దానికి వేడి తిరిగిస్తూనే ఉంటుంది.

నమ్మకపోతే గడ్డిమీద ఒక థర్మామీటరు, తలెత్తున ఇంకోటి పెట్టించండి. వాతావరణ కేంద్రాలు కొలిచేది 1.25 నుంచి 2 మీటర్ల ఎత్తున. అందుకే వాళ్ల లెక్కలో 3 డిగ్రీలున్న రోజునా గడ్డిమీద మంచు గడ్డకట్టి ఉండొచ్చు.

మబ్బు పట్టిన రాత్రి చేస్తే పింజలన్నీ దాదాపు పొడిగానే ఉంటాయి. ప్రయోగం పాడైందనుకోకండి. ఆ రాత్రి మబ్బే ఊరంత స్టూలు పలక, పింజలన్నీ దాని కిందివే.