చూడకుండా చేపను పట్టే కొంగ

ఉమ్మడి అనంతపురం జిల్లా చిలమత్తూరు మండలంలో, హిందూపురానికి దగ్గరగా ఉన్న వీరాపురానికి పక్షులను చూడడానికి వెళ్ళి, ఊరికి కాస్త ఎడంగా గుడారం వేసుకుని, ఆ సాయంత్రం చెరువు కట్టమీద కూర్చున్నప్పుడు, మా ఆరేళ్ళ అమ్మాయి అడిగింది: "నాయనా, ఆ కొంగ నీళ్ళలోకి చూడనే లేదు, మరి దానికి చేప ఎట్ల దొరుకుతుంది?"

ఆ ఊరి చింతచెట్ల మీద గూళ్ళు కట్టుకునే ఎర్రకాళ్ళ కొంగలు సైబీరియా నుంచి వస్తాయని చాలామంది చెబుతారు. అవి దక్షిణాసియా, ఆగ్నేయాసియా పక్షులు. సైబీరియాతో వాటికి సంబంధమే లేదు. వలస పక్షి అనగానే సైబీరియా అని పిల్లలచేత బట్టీ పట్టించే మన బడిచదువు తెచ్చిన తిప్పలివి.

మా అమ్మాయి గమనించినది అక్షరాలా నిజం. తెల్ల కొంగ నీటి అంచున కదలక మెదలక నిలబడి, చేప కనబడిన క్షణాన పొడుస్తుంది. "కొంగ జపం" అనే మాట పుట్టింది ఆ నిలకడ నుంచే. ఎర్రకాళ్ళ కొంగ జపం చేయదు. కొద్దిగా తెరిచిన ముక్కును బురదనీటిలో ముంచి, అటూ ఇటూ ఊపుతూ నడుస్తుంది, కాలితో అడుగును కదిలిస్తుంది, ఒక్కోసారి ఒక రెక్కను చటుక్కున విప్పుతుంది. బెదిరిన చేప రెండు దవడల మధ్యకు వచ్చి తగిలిందంటే ముక్కు టక్కున మూసుకుంటుంది. దీని అమెరికా బంధువైన వుడ్ స్టార్క్‌ను పరిశీలించిన కాల్, పీకాక్ అనే శాస్త్రజ్ఞులు 1963లో ఆ మూసుకోవడానికి పట్టే కాలం సుమారు 25 మిల్లీసెకన్లని ప్రకటించారు. రెప్పపాటుకే కనీసం 100 మిల్లీసెకన్లు కావాలి. కంటిలో వెలుగు నాడీ సంకేతంగా మారడానికే ఎంతో సమయం పడుతుంది, అందులోనూ బురదనీటిలో కంటికి ఏమి ఆనుతుంది? స్పర్శకు ఆ చుట్టుదారి లేదు: పక్షి ముక్కుకు తగిలినది ట్రైజెమినల్ నాడి గుండా మెదడు కాండానికి చేరుతుంది, దవడను కదిలించే నాడీకణాలూ అక్కడే ఉంటాయి.

అయితే ఈ పద్ధతికి ఒక షరతు ఉంది, చేపలు కిక్కిరిసి ఉండాలి. ఆ రాత్రి టార్చి వెలుగులో మేము ఒక ఆట ఆడుకున్నాము. నిండు బక్కెట్టులో ఇరవై చింతగింజలు వేసి, నీళ్ళను గిరగిరా తిప్పి, అమ్మాయి కళ్ళకు గంతలు కట్టి, చేతికి పట్టకారు ఇచ్చి, గింజ తగలగానే నొక్కమన్నాను. నిమిషంలో దొరికినవి రెండు. అవే గింజలను చిన్న గిన్నెడు నీళ్ళలోకి మార్చితే తొమ్మిది దొరికాయి. చేపల సంఖ్య మారకుండా నీరు పదో వంతుకు తగ్గితే, ముక్కుకు చేప తగిలే అవకాశం దాదాపు పదింతలు అవుతుంది.

కరువుసీమలో ఈ పక్షికి ఏమి పని అని ఆశ్చర్యపడేవారికి జవాబు ఇదే. జనవరి ప్రాంతంలో కొంగలు వీరాపురానికి చేరేనాటికి చెరువులు తగ్గుముఖం పడతాయి. కొంగపిల్లలు ఆకలితో అరిచే ఎండాకాలానికి మిగిలిన మడుగుల్లో చేపలు ఒకచోట చేరి ఉంటాయి. రాజస్థాన్‌లోని భరత్‌పూర్‌లో ఇవే కొంగలు వానాకాలంలో గూళ్ళు కడతాయి, ఎందుకంటే అక్కడ కొత్త నీటిలో చేపపిల్లలు పుట్టి గుంపులు కట్టే కాలం అది. కొంగలు రాకపోతే ఊరికి కరువని వీరాపురం వారు నమ్ముతారు. కొంగ రాకపోవడమే కరువును తెస్తుందనుకుంటే అది మూఢనమ్మకమే కానీ, నిరుడు చెరువు నిండనిచోట చేపలూ ఉండవు, చేపలు లేనిచోటికి కొంగలూ రావు.

తెల్లవారి చింతచెట్టు కిందికి వెళ్ళేసరికి, రెట్టల ఘాటుకు అమ్మాయి ముక్కు మూసుకుంది. పైన తల్లికొంగ గూటి అడుగున చేపలను కక్కింది, పిల్లలు ఒకదానిమీద ఒకటి పడి ఏరుకుని మింగాయి. దుర్భిణిని కంటికి ఆనించుకుని అమ్మాయి, "ఇవి చూసే తింటున్నాయి నాయనా" అంది.